డ్రమ్ము బ్రేకు: మార్చడమా? మెరుగుపరచడమా?

యంత్రాన్ని నడిపించే శక్తిని గురించి మాట్లాడుకున్నంతగా, దానిని ఆపే శక్తిని గురించి లోకం మాట్లాడుకోదు. పాత మోటారు సైకిళ్ళ అభిమానుల విషయంలో ఈ మాట మరింత నిజం. ఇంజను ఏ సంవత్సరపుది, టాంకు మీది బంగారు గీత అసలుదా, తరువాత వేయించినదా, సైలెన్సరు చప్పుడు ఆనాటిదేనా అనే విషయాల మీద గంటల తరబడి చర్చ జరుగుతుంది. ముందు చక్రపు హబ్బులో కంటికి కనబడకుండా దాగి ఉండే రెండు అర్ధచంద్రాకారపు షూల స్థితి ఏమిటని అడిగేవారు అరుదు. ‘పైన పటారం, లోన లొటారం’ అన్న సామెత ఇటువంటి బండ్లకే సరిగ్గా వర్తిస్తుంది. నికెలు పూత తళతళ మెరుస్తుంది. లైనింగు మాత్రం గాజులా గట్టిపడి, పట్టు లేక జారుతూ ఉంటుంది.

ఇది కేవలం అభిరుచికి సంబంధించిన విషయమైతే ఇంత విచారించవలసిన పని లేదు. కాని పాత మోటారు సైకిలు ప్రదర్శనశాలలో మాత్రమే ఉండదు. అది రోడ్డెక్కుతుంది. దాని చుట్టూ తిరిగే వాహనాలు మాత్రం ఆనాటివి కావు. భారతదేశంలో 125 సీసీకి మించిన కొత్త మోటారు సైకిళ్ళన్నింటికీ, చక్రం బిగుసుకుపోకుండా కాపాడే ఏబీఎస్ పరికరాన్ని 2019 ఏప్రిల్ నుండి తప్పనిసరి చేశారు. ఐరోపాలోనూ అటువంటి నిబంధనే అంతకు ముందే అమలులోకి వచ్చింది. కనుక ముందు వెళ్ళే వాహనం నేడు ఎంత తక్కువ దూరంలో ఆగగలదో, దాని వెనుక వచ్చే 1950ల నాటి యంత్రం అంత తక్కువ దూరంలో ఆగవలసి ఉంటుంది. పైగా బ్రిటనులో 2018 మే నుండి, 40 ఏళ్ళు దాటి, గణనీయమైన మార్పులు చేయని వాహనాలకు ఏటేటా జరిగే ఎం.ఓ.టి. పరీక్ష నుండి మినహాయింపు లభించింది. పరీక్ష తప్పింది గాని, బండిని రోడ్డుకు తగిన స్థితిలో ఉంచే బాధ్యత తప్పలేదు. పరీక్షకుని కన్ను పక్కకు తప్పుకున్నప్పుడు యజమాని కన్ను మరింత నిశితం కావాలి. ఆచరణలో అలా జరుగుతున్నదా అన్నదే ప్రశ్న.

రెండు వర్గాలు, రెండు పొరపాట్లు

ఈ విషయంలో సాధారణంగా రెండు వర్గాలు కనబడతాయి. మొదటి వర్గం వారు శుద్ధ సంప్రదాయవాదులు. బండి కర్మాగారం నుండి ఎలా వచ్చిందో అలాగే ఉండాలనీ, లైనింగు సయితం ఆనాటి పెట్టెలోనిదే కావాలనీ వారి పట్టుదల. రెండవ వర్గం వారు డ్రమ్ము బ్రేకును కాలం చెల్లిన వస్తువుగా భావించి, దానిని ఊడబెరికి డిస్కు బ్రేకును బిగించేవారు. ఇద్దరి వాదనలోనూ కొంత సత్యం ఉన్నది. అయితే ఇద్దరూ ఒకే అంశాన్ని విస్మరిస్తున్నారు. బండికి సహజంగా ఉన్న డ్రమ్ము బ్రేకు తన పూర్తి సామర్థ్యంతో పనిచేసినప్పుడు ఎలా ఉంటుందో వారిలో చాలామంది ఎన్నడూ చూడలేదు. దశాబ్దాల అరుగుదలను, అశ్రద్ధను చూసి, అదే డ్రమ్ము బ్రేకు స్వభావమని తీర్మానించుకున్నారు. సరిగ్గా శ్రుతి చేయని వీణను వాయించి, వీణ పనికిరాని వాద్యమని తీర్పు చెప్పడం వంటిదిది.

ఈ వ్యాసం వాదించేది మూడవ మార్గాన్ని. డ్రమ్మును పారవేయనవసరం లేదు. అలాగని పూజామందిరంలోనూ పెట్టనక్కరలేదు. బయటి రూపాన్ని అలాగే ఉంచి, లోపలి ఘర్షణ పదార్థాన్ని నేటి విజ్ఞానానికి అనుగుణంగా మార్చి, కొలతలను నిక్కచ్చిగా సరిచేసుకుంటే, సాధారణ వాడకానికి సరిపోయే బ్రేకు లభిస్తుంది. ఆ పనికి ఒక వరుస ఉన్నది. ఆ వరుస తప్పడం వల్లనే డబ్బు, శ్రమ రెండూ వృథా అవుతున్నాయి.

ఆపడమంటే ఏమిటి?

బ్రేకు చేసే పని చాలా సరళమైనది. కదిలే వస్తువుకున్న గతిశక్తిని ఘర్షణ ద్వారా ఉష్ణశక్తిగా మార్చి గాలిలో కలిపివేయడమే దాని ధర్మం. బండి, మనిషి కలిసి 250 కిలోలు ఉన్నారనుకుంటే, గంటకు 60 కిలోమీటర్ల వేగంలో వారి గతిశక్తి దాదాపు 35,000 జౌళ్ళు. వేగం 90 కిలోమీటర్లకు, అంటే ఒకటిన్నర రెట్లకు పెరిగితే, ఈ శక్తి 78,000 జౌళ్ళకు, అంటే రెండుంబావు రెట్లకు పెరుగుతుంది. గతిశక్తి వేగపు వర్గంతో పెరగడమే దీనికి కారణం. ఇక 500 మీటర్ల ఎత్తున్న కొండను బ్రేకుల మీదనే ఆధారపడి దిగితే, అవి మింగవలసిన శక్తి 12 లక్షల జౌళ్ళకు మించుతుంది. ఘాటు రోడ్డు మీద దిగేటప్పుడు తక్కువ గేరులో ఉంచి, ఇంజను చేతనే బండిని పట్టి ఉంచమని పెద్దలు చెప్పే మాటలో ఇంత భౌతికశాస్త్రం ఇమిడి ఉన్నది.

బ్రేకు మెరుగుదల వల్ల కలిగే ప్రయోజనం ఎంతటిదో ఒక చిన్న లెక్కతో తేలుతుంది. 60 కిలోమీటర్ల వేగంతో రెండు బండ్లు పక్కపక్కనే వస్తున్నాయి. ఒకదాని వేగం బ్రేకు వల్ల సెకనుకు 6 మీటర్ల చొప్పున తగ్గుతున్నది. రెండవదాని వేగం సెకనుకు 4 మీటర్ల చొప్పున మాత్రమే తగ్గుతున్నది. మొదటిది 23 మీటర్లలో ఆగుతుంది. రెండవదానికి దాదాపు 35 మీటర్లు కావాలి. తేడా 12 మీటర్లే కదా అనిపించవచ్చు. కాని మొదటి బండి పూర్తిగా ఆగిపోయిన చోట, రెండవ బండి వేగం ఇంకా గంటకు సుమారు 35 కిలోమీటర్లు ఉంటుంది. ఆ చోట రోడ్డు దాటుతున్న బాలుడు ఉన్నాడనుకుంటే, ఈ తేడా ఒక ప్రాణం విలువ చేస్తుంది.

ఈ ఆపే పనిలో ముందు చక్రానిదే పెద్ద వాటా. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు ఒరుగుతుంది. గురుత్వ కేంద్రం నేలకు 60 సెంటీమీటర్ల ఎత్తులో, రెండు ఇరుసుల మధ్య దూరం 140 సెంటీమీటర్లు ఉన్న బండిని పైన చెప్పిన మొదటి బండి మాదిరిగా ఆపితే, మొత్తం బరువులో దాదాపు నాలుగో వంతు వెనుక చక్రం నుండి ముందు చక్రం మీదికి మారుతుంది. అంతవరకూ చెరిసగంగా ఉన్న భారంలో మూడు వంతులు ముందు చక్రం మీద పడుతుంది. కనుక వెనుక బ్రేకును తొక్కి బండిని ఆపుకోవచ్చుననే అలవాటు ప్రమాదకరమైనది. డబ్బు ఒక్క బ్రేకుకే సరిపోతుందనుకుంటే, అది ముందు బ్రేకే కావాలి.

డ్రమ్ము కడుపులో జరిగేది

డ్రమ్ము బ్రేకుకు శతాబ్దానికి పైబడిన చరిత్ర ఉన్నది. 1902లో ఫ్రాన్సుకు చెందిన లూయీ రెనో కార్లకు దీనిని రూపొందించాడు. దీనికి పట్టునిచ్చే లైనింగు చరిత్ర ఇంకా కొంచెం పాతది. ఇంగ్లండులోని డెర్బీషైరు కొండల్లో, దిగుడులో గుర్రపు బండ్లను ఆపడానికి పాత తోలు బూట్లను చక్రానికి అదిమి వాడటం గమనించిన హెర్బర్ట్ ఫ్రూడ్, 1897లో ప్రత్యేకమైన బ్రేకు దిమ్మల తయారీకి పూనుకున్నాడు. నేటికీ ప్రసిద్ధమైన ఫెరోడో సంస్థ ఆ ప్రయత్నం నుండి పుట్టినదే.

మోటారు సైకిలు డ్రమ్ములో రెండు షూలు ఉంటాయి. ఒక చివర కీలు, మరొక చివర కేము. కేబులు లాగినప్పుడు కేము తిరిగి షూలను బయటికి తోస్తుంది. చక్రం తిరిగే దిశ కేము చివర నుండి కీలు వైపుగా ఉన్న షూను లీడింగు షూ అంటారు. తిరిగే డ్రమ్ము దానిని తనలోకి మరింత లాక్కొంటుంది. తలుపు కింద పెట్టిన ఏటవాలు చెక్కముక్క తలుపును తోసేకొద్దీ బిగుసుకుంటుంది కదా, ఇదీ అటువంటిదే. రెండవదైన ట్రెయిలింగు షూను డ్రమ్ము వెనక్కు నెట్టివేస్తుంది. అందుచేత ఒకే ఒత్తిడికి మొదటిది ఎక్కువ, రెండవది తక్కువ పనిచేస్తాయి. అయితే ఇరుసులా స్థిరంగా ఉన్న కేము రెండింటినీ సమానమైన దూరమే కదిలిస్తుంది. కాలక్రమంలో లీడింగు షూ ముందుగా అరిగి, చివరకు రెండూ ఇంచుమించు సమానమైన పని పంచుకుంటాయి. అప్పుడు చేతి బలంలో ఎక్కువ భాగం, సాయమందని ట్రెయిలింగు షూనే నెట్టడానికి ఖర్చవుతుంది. పాత బ్రేకులు చేతిని నొప్పించడానికి గల అసలు కారణాల్లో ఇదొకటి.

ఈ లోపాన్ని సరిదిద్దడానికే రెండు షూలకూ చెరొక కేము అమర్చి, రెండింటినీ లీడింగు షూలుగా మార్చే పద్ధతి వచ్చింది. ట్రయంఫ్ సంస్థ 1968 నమూనాలకు 8 అంగుళాల ఇటువంటి బ్రేకును అమర్చింది. విన్సెంటు సంస్థ వేరొక దారి తొక్కి, 1946 నాటి ర్యాపిడ్‌కు ఒక్కొక్క చక్రానికి రెండేసి చొప్పున నాలుగు డ్రమ్ములు బిగించింది. 1970ల ప్రారంభంలో సుజుకి జీటీ 750కి ముందు చక్రంలోనే నాలుగు లీడింగు షూలు ఉండేవి. మరుసటి నమూనాకే అది డిస్కుకు మారిపోయింది. హోండా సీబీ 750 అప్పటికే, 1969లోనే, ముందు చక్రానికి హైడ్రాలిక్ డిస్కుతో వచ్చి, ప్రపంచపు దారిని మళ్ళించింది.

భారతదేశంలో ఈ మార్పు నెమ్మదిగా వచ్చింది. 1983లో విడుదలైన రాజ్‌దూత్ 350ను చూస్తే ఇది అర్థమవుతుంది. దాని జపాను మాతృకయైన యమహా ఆర్‌డీ 350కి ముందు డిస్కు ఉండగా, భారతీయ రూపానికి డ్రమ్మునే అమర్చారు. 1955లో మద్రాసులో స్థాపితమైన ఎన్‌ఫీల్డ్ ఇండియా తయారుచేసిన బులెట్లు, మైసూరులో 1996 వరకు తయారైన జావా, ఎజ్డీ బండ్లు డ్రమ్ము బ్రేకులతోనే తరాల పాటు తిరిగాయి. తెలుగునాట ఎన్నో ఇళ్ళలో తండ్రుల, తాతల కాలపు బండ్లు ఇప్పటికీ ఉన్నవి ఇవే. 1977 నుండి బులెట్లు బ్రిటనుకు ఎగుమతి కావడం వల్ల, అక్కడ స్థిరపడిన తెలుగువారికి కూడా ఈ బండి చిరపరిచితమే. కనుక ఇది ఎక్కడో దూరదేశపు ధనవంతుల వినోదానికి సంబంధించిన చర్చ కాదు.

రెండు లీడింగు షూలు ఉన్నంత మాత్రాన సర్వరోగ నివారిణి లభించినట్లు కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. డ్రమ్ము తానే సాయం చేసే ఈ గుణం, లైనింగు పట్టు మీద ఎంతగానో ఆధారపడి ఉంటుంది. వేడెక్కి పట్టు కొద్దిగా తగ్గితే బ్రేకు బలం అంతకు మించి తగ్గుతుంది. ఉదయపు తేమకు పట్టు కొద్దిగా పెరిగితే బ్రేకు ఒక్కసారిగా కరచి పట్టుకుంటుంది. ఎగువకు ముఖం పెట్టి నిలిచిన బండి వెనక్కు జారేటప్పుడు రెండు షూలూ ట్రెయిలింగు షూలే అవుతాయి. అప్పుడు ముందు బ్రేకు పట్టు బాగా తగ్గుతుంది. ఈ స్వభావం తెలిసినవాడే దానిని నమ్ముకోవచ్చు.

పనిలో వరుస

మెరుగుదల అనగానే చాలామంది కొత్త లైనింగు కొనడంతో మొదలుపెడతారు. నిజానికి మొదట చూడవలసినది డ్రమ్ము గుండ్రనితనం. చక్రపు పుల్లలు బిగించినప్పుడు అవి హబ్బును నలువైపులా లాగుతాయి. ఆ లాగుడులో తేడా ఉంటే డ్రమ్ము కంటికి కనబడనంతగా కోలగా మారుతుంది. మిల్లీమీటరులో పదో వంతు తేడాకే లివరు చేతిలో కొట్టుకుంటుంది. షూలు డ్రమ్మును చుట్టంతా సమంగా తాకవు. అందుచేత హబ్బును విడిగా లేతు మీద పెట్టి తరగడం కంటే, రిమ్మును, పుల్లలను బిగించిన తరువాత పూర్తి చక్రాన్నే లేతు మీద పెట్టి డ్రమ్మును సరిచేయించడం సరియైన పద్ధతి. అంత పెద్ద లేతు, అంత ఓపిక ఉన్న పనివానిని వెదకడం కష్టమే గాని, దీనికి ప్రత్యామ్నాయం లేదు. డ్రమ్మును ఎంతవరకు తరగవచ్చునో దానికి ఒక హద్దు ఉన్నది. ఆ హద్దు దాటిన డ్రమ్ము పలుచబడి వేడికి తట్టుకోలేదు.

రెండవది షూల వంపు. కొత్త లైనింగు అతికించిన షూ వంపు, తరగబడిన డ్రమ్ము వంపుతో సరిపోదు. మధ్యలోనో, చివరలోనో మాత్రమే తాకుతుంది. లైనింగును కావలసినదానికంటే కొంచెం మందంగా అతికించి, షూలను వాటి సొంత బ్రేకు ప్లేటు మీదనే అమర్చి, కేముకు షూలకు మధ్య పలుచని రేకుముక్క ఉంచి, లేతు మీద డ్రమ్ము కొలతకు తరగాలి. రేకును తీసివేయగానే షూలు కొద్దిగా లోనికి ముడుచుకొని, తిరగడానికి కావలసిన ఖాళీ ఏర్పడుతుంది. తరువాత డ్రమ్ము లోపల సుద్ద రాసి, బ్రేకు మెల్లగా పట్టి చక్రం తిప్పితే, లైనింగు మీద సుద్ద అంటిన చోటు తాకిన చోటును చూపిస్తుంది. లైనింగు నిండా సుద్ద అంటితే పని ఫలించినట్లే. ఈ ఒక్క పనితోనే బ్రేకు స్వరూపం మారిపోయిన బండ్లు ఎన్నో.

మూడవది లైనింగు పదార్థం. ఎంత గట్టిదైతే అంత మంచిదన్న భ్రమ ఒకటి ప్రచారంలో ఉన్నది. పందెపు బండ్లకు వాడే గట్టి లైనింగు బాగా వేడెక్కిన తరువాతనే పట్టునిస్తుంది. వీధిలో నెమ్మదిగా తిరిగే బండికి అంత వేడి ఎన్నడూ పుట్టదు. చల్లగా ఉన్నప్పుడే పట్టునిచ్చే మెత్తని లైనింగు అరిగిపోయినా సరే, అటువంటి బండికి అదే మేలు. నూనె, గ్రీజు తాగిన లైనింగును కాల్చి, పెట్రోలుతో కడిగి మళ్ళీ వాడటం వట్టి పొదుపు భ్రమ. లోపలికి ఇంకిన నూనె వేడికి మళ్ళీ పైకి వస్తుంది. లైనింగును మార్చవలసిందే, అంతకు ముందు నూనె ఎక్కడ నుండి కారుతున్నదో ఆ సీలును మార్చవలసిందే.

నాలుగవది కేము మీది చేతి కోణం. బ్రేకు పట్టిన స్థితిలో కేబులుకు, ఆ చేతికి మధ్య 90 డిగ్రీలు ఉన్నప్పుడు లాగుడంతా పనికి వస్తుంది. ఆ కోణం 135 డిగ్రీలైతే, లాగిన బలంలో దాదాపు 29 శాతం వ్యర్థమవుతుంది. లైనింగు అరిగేకొద్దీ ఈ కోణం చెడుతూ ఉంటుంది. కేబులు స్క్రూను తిప్పి ఖాళీని సరిచేయడం వల్ల లివరు బిగువుగా అనిపిస్తుంది గాని, పోయిన బలం తిరిగి రాదు. చేతిని దాని పళ్ళ మీద ఒక మెట్టు తిప్పి అమర్చడమో, అరిగిన షూ చివరలకు తగిన మందం గల రేకు తొడుగులు వేయడమో చేయాలి. రెండు కేములు ఉన్న బ్రేకులో వాటిని కలిపే కడ్డీని, రెండు షూలూ ఒకే క్షణంలో తాకేటట్లు సరిచేయాలి. లేనిచో రెండింటిలో ఒకటే పనిచేస్తుంది. రెండవది అలంకారంగా మిగులుతుంది.

ఐదవది చేతి నుండి కేము దాకా సాగే దారి. పాత కేబులు పైతొడుగు నొక్కుకుపోతుంది. లోపలి తీగ సాగుతుంది. చేతి బలంలో కొంత ఆ రెండింటికే ఖర్చవుతుంది. మందమైన తీగ, నొక్కుకుపోని తొడుగు, పెద్ద వంపులు, తగినంత నూనె, ఇవి చవకైన మార్పులే గాని ఫలితం పెద్దది. లివరు ఎంపిక కూడా ముఖ్యమే. బ్రిటిషు బండ్ల లివర్లలో కీలుకు, కేబులు చివరకు మధ్య దూరం కొన్నింటిలో 22 మిల్లీమీటర్లు, కొన్నింటిలో 27 మిల్లీమీటర్లు ఉంటుంది. 27 ఉన్నదానికి బదులు 22 ఉన్నది వేస్తే అదే చేతి బలానికి కేబులులో లాగుడు 20 శాతానికి మించి పెరుగుతుంది. కేబులు కదిలే దూరం మాత్రం ఆ మేరకు తగ్గుతుంది. షూల ఖాళీ సరిగ్గా కుదిరిన బ్రేకుకే ఈ మార్పు తగినది. కుదరని బ్రేకుకు వేస్తే లివరు హ్యాండిలుకు తగులుతుంది.

చివరిది, ఖర్చు లేనిది, షూలను డ్రమ్ము మధ్యకు తేవడం. ఇరుసు నట్టును కొంచెం వదులుచేసి, చక్రాన్ని తిప్పి, బ్రేకును గట్టిగా పట్టి, ఆ పట్టు వదలకుండానే నట్టును మళ్ళీ బిగించాలి. చక్రం విప్పిన ప్రతిసారీ చేయవలసిన ఈ పని రెండు నిమిషాలది. అప్పుడే బ్రేకు ప్లేటును కదలకుండా పట్టి ఉంచే కడ్డీ బిగువును కూడా చూసుకోవాలి. అది ఊడిపోతే ప్లేటు చక్రంతో పాటు తిరిగి, కేబులును చుట్టుకొని, చక్రాన్ని బిగించివేస్తుంది.

ఇక గాలి రంధ్రాల మాట. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి షూల నుండి దూరంగా జరుగుతుంది. 180 మిల్లీమీటర్ల ఇనుప డ్రమ్ము 150 డిగ్రీలు వేడెక్కితే దాని వ్యాసం సుమారు 0.3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. లివరు మరింత లోపలికి రావడానికి ఒక కారణం ఇదే. డిస్కులో ఇందుకు వ్యతిరేకంగా, వేడెక్కిన లోహం ప్యాడ్ల వైపుకే ఉబ్బుతుంది. గాలి తగిలితే డ్రమ్ము త్వరగా చల్లబడుతుందన్నది నిజమే. అయితే గాలి పోయే దారిన నీరూ పోతుంది. ఒకసారి లోపలికి వెళ్ళిన నీరు తొందరగా బయటికి రాదు. పందెపు బాటలో కొద్ది నిమిషాలు తిరిగే బండికి రంధ్రాలు వరం; వానలో ఇల్లు చేరవలసిన బండికి శాపం. పైగా ప్లేటుకు ఎడాపెడా రంధ్రాలు వేస్తే అది బలహీనపడి వంగుతుంది. నార్టన్ కమాండో బ్రేకు ప్లేటు కర్మాగారపు స్థితిలోనే వంగుతున్నదని, దానిని గట్టిపరచే భాగాలను ప్రత్యేకంగా తయారు చేసి అమ్మవలసి వచ్చింది.

కనబడని ధూళి

సంప్రదాయవాదులకు చెప్పవలసిన అసలు మాట ఇక్కడే ఉన్నది. గడచిన శతాబ్దంలో లైనింగుల్లో ఎక్కువ భాగం ఆస్బెస్టాస్‌తో తయారైనవే. దాని పీచు ఊపిరితిత్తుల్లో చేరితే, దశాబ్దాల తరువాత మీసోథీలియోమా వంటి ప్రాణాంతక కాన్సరుకు దారితీస్తుంది. బ్రిటను 1999లో మిగిలిన తెల్ల ఆస్బెస్టాస్‌ను కూడా నిషేధించింది. అమెరికాలో అటువంటి నిషేధపు ఉత్తర్వు 2024 మార్చిలో వచ్చింది. చట్టాలు మారినంత మాత్రాన పాత డ్రమ్ములోని ధూళి మారదు. డ్రమ్ము విప్పగానే నోటితో ఊదడం, గాలి పైపుతో కొట్టడం మెకానిక్కులకు అలవాటు. ఆ అలవాటు మానిపించడం ప్రతి యజమాని విధి. ధూళిని తడిపి, తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూసి వేరుచేయాలి. తగిన మాస్కు ధరించాలి. పాత లైనింగును తరగడం, ఆకురాయితో రుద్దడం అసలే కూడదు. పైన చెప్పిన లేతు పని అంతా ఆస్బెస్టాస్ లేని కొత్త లైనింగుకే వర్తిస్తుంది.

ఆనాటి పెట్టెలో, ఆనాటి ముద్రతో, విప్పకుండా ఉన్న లైనింగును అధిక ధరకు కొని గర్వంగా బిగించుకునేవారు ఆ పెట్టెలో ఏమున్నదో ఒక్కసారి ఆలోచించాలి. విషపు ధూళి ఒక్కటే కాదు; ఏళ్ళు గడిచేకొద్దీ ఆ అతుకు జిగురు కూడా బలహీనపడి ఉండవచ్చు. వేగంలో లైనింగు ఊడి డ్రమ్ములో ఇరుక్కుంటే చక్రం ఆగిపోతుంది. ఆగకూడని సమయంలో ఆగిపోతుంది. హబ్బు మూసివేసిన తరువాత లోపలి లైనింగు ఏ సంవత్సరపుదో ఎవరూ చూడలేరు. ఎవరూ చూడలేని అసలుదనం కోసం ఊపిరితిత్తులను పణంగా పెట్టడం వివేకం అనిపించుకోదు.

డిస్కు వాదులకు సమాధానం

డిస్కు బ్రేకు శ్రేష్ఠమైనదన్న విషయంలో వివాదం లేదు. వేడిని త్వరగా వదిలివేయడంలోనూ, నీటిని విదిలించుకోవడంలోనూ, చేతి ఒత్తిడికి తగిన నిష్పత్తిలో స్పందించడంలోనూ డ్రమ్ము దానికి సాటి రాదు. అయితే ఆనాటి ఫోర్కులు, ఇరుసులు, టైర్లు ఆనాటి బ్రేకు బలాన్ని దృష్టిలో ఉంచుకొని చేసినవి. సన్నని ఫోర్కు ఒక కాలికి డిస్కును తగిలిస్తే, బ్రేకు బలమంతా ఆ ఒక్క కాలి మీదనే పడి అది మెలిపడే ప్రమాదం ఉన్నది. తగిన లెక్కలు లేకుండా చేసిన మార్పు, కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లవుతుంది. ఇద్దరిని ఎక్కించుకొని నిత్యం కొండదారుల్లో తిరిగేవారు, నిపుణుల చేత ఫోర్కుతో సహా మార్పు చేయించుకుంటే తప్పుపట్టవలసిన పని లేదు. ఆదివారం నాడు యాభై కిలోమీటర్లు తిరిగేవారికి ఆ అవసరం లేదు. వారు మొదట తమ డ్రమ్మును సరిచేయించుకొని, ఆ తరువాతనే తీర్పు చెప్పాలి.

ఎవరు ఏం చేయాలి?

మొదటి బాధ్యత యజమానిది. తన బ్రేకు బాగున్నదన్న నమ్మకం చాలదు, కొలత కావాలి. బ్రిటిషు హైవే కోడు గంటకు 30 మైళ్ళ వేగానికి చెప్పే బ్రేకింగు దూరం 14 మీటర్లు. జనసంచారం లేని పొడి స్థలంలో, తక్కువ వేగంతో మొదలుపెట్టి, క్రమంగా ఆ వేగానికి వచ్చి, ఆగిన దూరాన్ని టేపుతో కొలిచి పుస్తకంలో రాసుకోవాలి. ఏటా ఒకసారి ఇలా చేస్తే బ్రేకు క్షీణిస్తున్నదో లేదో అంకెలే చెబుతాయి. కొలత 14 మీటర్లను చాలా మించితే, బండిని ఇంట్లో పెట్టి పని మొదలుపెట్టవలసిన సమయం వచ్చిందన్నమాట. కొత్త లైనింగు వేసిన బండి మొదటి రోజుల్లో పూర్తి బలం ఇవ్వదు. అది డ్రమ్ముతో కుదిరేంతవరకు నెమ్మదిగా నడపడం, మధ్యమధ్య చల్లారనివ్వడం అవసరం.

రెండవ బాధ్యత పాత వాహనాల సంఘాలది. ప్రదర్శనల్లో బహుమతులు నిర్ణయించేవారు రంగును, పూతను, నట్ల తలలను భూతద్దంతో పరిశీలిస్తారు. బ్రేకుకు మాత్రం మార్కులుండవు. రోడ్డు మీద నడిచి వచ్చిన బండికి, ఆగగలిగిన బండికి మార్కులు కేటాయిస్తే, యజమానుల డబ్బు సహజంగానే ఆ వైపు మళ్ళుతుంది. బండి చేతులు మారేటప్పుడు డ్రమ్ము వ్యాసం ఎంత, లైనింగు ఏ పదార్థం, ఎప్పుడు వేశారు అన్న మూడు వివరాలు కాగితం మీద ఇవ్వడం ఆచారంగా మారాలి.

మూడవది, అందరూ ఆలోచించవలసినది, పనివాని విషయం. చక్రాన్నంతటినీ లేతు మీద పెట్టి డ్రమ్మును తరగగలిగినవారు, షూలకు లైనింగు అతికించి వంపు కుదర్చగలిగినవారు ఏటికేడు తగ్గిపోతున్నారు. వారి పనికి తగిన వెల చెల్లించకుండా, నికెలు పూతకు మాత్రం అడిగినంత ఇచ్చే యజమానులే ఈ విద్య అంతరించడానికి కొంత కారకులు. ఈ పనిని చేయించుకునేవారు ఉన్నంతకాలమే చేసేవారు ఉంటారు.

పాత యంత్రాన్ని గౌరవించడమంటే దానిని ముట్టుకోకుండా ఉంచడం కాదు. గుర్తు పట్టలేనంతగా మార్చివేయడమూ కాదు. దానిని రూపొందించినవారు ఆశించిన రీతిలో అది పనిచేసేటట్లు చూడటం. ఆనాటి ఇంజనీర్లకు నేటి లైనింగు పదార్థాలు దొరికి ఉంటే సంతోషంగా వాడి ఉండేవారు. ఈ శీతకాలంలో టాంకుకు కొత్త రంగు వేయించాలని తలపెట్టినవారు, ఆ పనిని ఒక ఏడాది వాయిదా వేసి, ముందు చక్రాన్ని విప్పి చూడటం మంచిది.